గాజు గదిలో ఆడిన సినిమా

ఫిబ్రవరి 4

అక్కకు,

ఇక్కడ దేవుడి దయవల్ల అందరం బాగున్నాం. మొన్న ఫోన్లో నేను చెప్పింది నీకు సగమే వినపడిందని నాకు తెలుసు. "ఏంటే, గొంతులో దూది పెట్టుకుని మాట్లాడతావు" అని నువ్వు కసిరావు, నేను పెట్టేశాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీదైనా నీతో సమానంగా అరవగలనేమోనని ఆశ.

మన థియేటరు మళ్లీ తెరుస్తున్నారక్కా. పెద్దాయన మనవడు అమ్మేస్తే ఎవరో కొని గోడౌను చేస్తారనుకున్నాం కదా. ఊళ్లోవాళ్లే కలిసి ఒక ట్రస్టు పెట్టి కొన్నారు. దానికి కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు గారు. మనిషి మంచివారే, కాకపోతే పొద్దు పొడిచిందన్నా రుజువు చూపించమంటారు. పరదా, సీట్ల గుడ్డలు కుట్టే పని నాకే ఇచ్చారు. మిషను అక్కడికే పట్టుకెళ్లి, టిక్కెట్ల గది పక్కన వేసుకున్నాను.

పాత పరదా దింపి నేల మీద పరిస్తే వీధి పొడుగునా వచ్చేలా ఉంది. మడతల్లో పావురం ఈకలు, ఎవరో చిన్నపిల్ల జడపిన్ను దొరికాయి. పైకప్పు మీది సున్నపు పూలు గోధుమరంగువని మనం అనుకునేవాళ్లం చూడు, కడిగితే లేత ఆకుపచ్చగా బయటపడ్డాయి. ఇన్నేళ్ల సిగరెట్ల పొగ కింద ఆ రంగు చెక్కుచెదరకుండా ఉంది. చూడగానే చేతులెత్తి దణ్ణం పెట్టుకున్నాను. పక్కన రంగులు వేసే అతను నన్ను చూసి నవ్వాడు, నవ్వనీ.

ఇప్పుడు నీతో పని పడింది. ముందు హాల్లో గోడ మీద థియేటరు చరిత్ర చెక్కిస్తున్నారు. కట్టినవాళ్లు, పనిచేసినవాళ్లు అందరి పేర్లూ వస్తాయి. మొదటి ఆటగా, వరదలో కొడుకు తప్పిపోయిన తల్లి సినిమా వేద్దామన్నారు. మన హాల్లో అన్నిటికన్నా ఎక్కువ కాలం ఆడింది అదే కదా. దాని రీళ్లు మన రీళ్ల గదిలోనే ఉండిపోయాయి. పంపిణీ కంపెనీ మూతబడితే తిరిగి తీసుకెళ్లే దిక్కు లేకపోయిందట. వేసి చూశారు. చివర కొడుకు రావడం లేదు! పడవ ఒడ్డుకు వస్తుంది, జనం దిగుతారు, తల్లి అడుగుతుంది, పడవవాడు "ఇంకెవరూ లేరమ్మా" అంటాడు. అంతే.

ఊళ్లో ఇప్పుడు ఇదే గొడవ. ఆడవాళ్లలో చాలామంది కొడుకు వచ్చాడంటున్నారు. మగవాళ్లు రాలేదంటున్నారు. మీ మరిది కూడా రాలేదనే అంటున్నారు. "నువ్వు నిద్రపోయుంటావు" అని ఆయన, "మీరు సైకిలు తీసుకోవడానికి ముందే బయటికి పోయుంటారు" అని నేను. ఆ సినిమా చూసినప్పటి నుంచీ ఉన్న తగువే, ఇప్పుడు వీధిన పడింది. నేను పిల్లతల్లుల గాజు గదిలో నీ పక్కనే కూర్చుని చూశాను కదా, నాకు బాగా గుర్తు. ఒళ్లో పిల్ల నెల రోజుల జ్వరం నుంచి లేచింది. ఆ కొడుకు పడవ దిగాడనగానే, నా బిడ్డ కూడా గట్టెక్కినట్టేనని అక్కడే దేవుడికి చెప్పుకున్నాను.

ఆ గదిలో ప్రతి మ్యాట్నీకీ ఉన్నదానివి నువ్వే. కొడుకు వచ్చేవాడా, లేదా? ఒక్క మాట రాస్తే తగువు తీరిపోతుంది.

నీ చెల్లెలు

—

ఫిబ్రవరి 15

చెల్లీ,

అరుస్తానన్నావు, ఉత్తరంలోనూ గుసగుసే. చీమలు బారులు తీరినట్టున్నాయి నీ అక్షరాలు. మా హాస్టలు పిల్ల ఒకతె చేత చదివించుకున్నాను. ఈ నర్సుల హాస్టలుకి వార్డెనుగా వచ్చాక నాకు తెలిసిందేమిటంటే, రోగులకు టైముకి మందివ్వడం నేర్చుకునే పిల్లలు తమ గది తాళంచెవి మాత్రం రోజూ పోగొట్టుకుంటారు. నా నడుముకి తాళాల గుత్తి చూస్తే జైలరు అనుకుంటావు.

థియేటరు మాట చదివి ఆ పిల్లలందరికీ కథలు చెప్పేశాను. చరిత్ర రాస్తున్నారుగా, ఇది రాయించు. పెద్దాయనది కలప వ్యాపారం. ఆ పెద్ద తలుపులు ఆయన అడితిలోని మంచి దూలాలతో చేసినవి. మొదటి రోజుల్లో వాటిని తెరవడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది. తెరిచిన ఏడాదికి ఆయన కోడలు చంటిదాన్ని ఎత్తుకుని ఆటకొచ్చింది. పిల్ల గుక్కపట్టింది. హాలంతా "బయటికి తీసుకుపో!" అని కేకలు. యజమాని కోడలని చీకట్లో ఎవరికి తెలుసు? ఆ కోడలు తలదించుకుని బయటికొచ్చేసింది. పెద్దాయన ఎవరినీ ఏమీ అనలేదు. నెల తిరక్కుండా ఆడవాళ్ల వైపు చివర గోడ కొట్టించి, నిలువెత్తు గాజు పెట్టించి, గది కట్టించాడు. లోపల తొట్టెలు, వేడినీళ్ల కూజా, గోడకి మాటలు వినిపించే పెట్టె. పిల్లలు ఎంత ఏడ్చినా బయటికి వినపడదు. తల్లి సినిమా తల్లి చూసుకోవచ్చు. కాపలాకి నన్ను పెట్టాడు. ఆయన చల్లగా ఉండాలి, ఏ లోకంలో ఉన్నా.

ఇక నీ ప్రశ్న. కొడుకు వచ్చాడా అని అడుగుతావేంటే? వచ్చాడు. ప్రతి మ్యాట్నీకీ వచ్చాడు. నేనుండగా రాకుండా ఎక్కడికి పోతాడు? ఆ హెడ్మాస్టరుకి నా మాటగా చెప్పు. ఇంకా అనుమానముంటే మన ఆపరేటరుని, ఆ మూగమెషీనుని అడగమను. ఆపరేటరుకి తెలియకుండా ఆ తెర మీద ఈగ కూడా వాలలేదు. ఆయన బాగున్నాడా? పాతికేళ్లు ఒకే చోట పనిచేశాం, ఆయన నాతో మాట్లాడిన మాటలు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అడిగానని చెప్పు.

మరిదిని ఓడించావుగా, ఇక పోనియ్యి.

అక్క

—

మార్చి 1

అక్కకు,

నీ మాట వేదవాక్కయింది. ఉత్తరం హెడ్మాస్టరు గారికి చదివి వినిపించాను. ఆయన రెండోసారి చదివించుకున్నారు. "ప్రతి మ్యాట్నీకీ వచ్చాడు" అన్నచోట ఆగమని, కళ్లజోడు తీసి, "చూశారా, నేను అనుకున్నదే" అన్నారు.

ఆయన లెక్క ఇది. వచ్చాడనేవాళ్లంతా మ్యాట్నీ చూసిన ఆడవాళ్లు. రాలేదనేవాళ్లంతా సాయంత్రం ఆటలు చూసిన మగవాళ్లు. అంటే సినిమాలో కొడుకు వచ్చే ముక్క ఉండేది. సాయంత్రం ఆటలు తొందరగా ముగించుకుని ఇంటికి పోవడానికి ఆపరేటరు ఆ ముక్క కోసేసేవాడు, మర్నాడు మళ్లీ అతికించేవాడు. చివరికి ఆ ముక్క ఎక్కడో పోగొట్టాడు. అప్పట్లో చాలాచోట్ల ఆపరేటర్లు పాటలు కోసేవారట.

నాకు మనసొప్పలేదు. ఆ మనిషి అలాంటివాడు కాదన్నాను. నా గొంతు నీకు తెలుసుగా, ఎవరికీ వినపడలేదు. ఆపరేటరు గారిని పిలిపించారు. ముందు హాల్లో, ఇంకా రంగు ఆరని గోడ పక్కన నిలబెట్టి అడిగారు.

"చివరి ముక్క మీరు కోశారా?"

ఆయన తలొంచుకుని జేబులో తాళాలు తడుముకున్నారు.

"పోనీ ఆడవాళ్లు ఎందుకలా చెబుతున్నారు? కొడుకు వచ్చాడని ఇంతమంది అంటుంటే కారణముండాలి కదండీ."

"ఏమో బాబూ."

"గాజు గది ఆవిడ, మిమ్మల్ని అడిగితే అన్నీ తెలుస్తాయని రాసింది. కోయలేదని ఒక్క మాట అనండి. చాలు."

ఆయన నా వైపు చూశారక్కా. కోపంగా కాదు. ఎందుకో భయంగా చూశారు. తరవాత సినిమా మిషను గది తాళాలు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, "మీ ఇష్టం" అని మెట్లు దిగి వెళ్లిపోయారు. మాట్లాడకపోవడమంటే ఒప్పుకోవడమేనన్నారు హెడ్మాస్టరు గారు. గోడ మీద చెక్కే పేర్లలోంచి ఆయన పేరు తీసేశారు. మొదటి ఆట ఆయన చేతే వేయిద్దామనుకున్నది మానుకుని, వేరే ఊరి ఆపరేటరుకి కబురు చేశారు.

నువ్వు చెప్పబట్టే విషయం తేలిందని అందరూ నిన్ను మెచ్చుకుంటున్నారు. మీ మరిది ఓటమి ఒప్పుకుని నాకు కొత్త కత్తెర కొనిచ్చారు. మంచి కత్తెరే. దాంతో గుడ్డ కోస్తుంటే మాత్రం ఆపరేటరు గారి ముఖమే కళ్లముందుకొస్తోంది. దేవుడే అన్నీ చూసుకుంటాడని సరిపెట్టుకుంటున్నాను.

నీ చెల్లెలు

—

మార్చి 9

ఒసేయ్ పిచ్చిదానా!

ఎంత పని జరిగిపోయిందే! కొడుకు వచ్చింది తెర మీదా? నా నోట్లోంచే! నేనుండగా రాకుండా ఎక్కడికి పోతాడు అని రాస్తే అర్థం కాలేదా? నవ్వుతావనుకుని రాశాను. నువ్వు దాన్ని కోర్టులో సాక్ష్యంలా చదివావు.

విను. ఆ సినిమా వచ్చిన మొదటి మ్యాట్నీకి గది నిండా బాలింతలు. ఒకామెకి అంతకుముందు ఇద్దరు పోయి మూడోది దక్కింది. ఒకామె ఒళ్లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లాడు, పిడికిలంత ఉన్నాడు. అందరూ కళ్లు తెరకి అతికించి కూర్చున్నారు. పడవ వస్తోంది. సరిగ్గా అప్పుడు గోడ మీది పెట్టె మూగపోయింది. బొమ్మ కనపడుతోంది, మాట లేదు. "అక్కా, ఏమైంది? వచ్చాడా? వచ్చాడా?" అని అందరూ నా మీద పడ్డారు. సినిమా నేను ముందురోజు రాత్రి ఆటకే చూశాను. వాళ్లు చూడలేదు. ఆ తొట్టెల మధ్య నిలబడి "ఇంకెవరూ లేరమ్మా" అని నేను చెప్పాలా?

పడవ దిగినవాళ్లలో వెనకాల శాలువా కప్పుకున్న మనిషి ఒకడున్నాడు. మంచులో ముఖం తెలియదు. "అదిగో, వాడే! చలికి ఎవరో శాలువా కప్పారు. తల్లి చూడండి, సంతోషం పట్టలేక కూలబడిపోయింది" అన్నాను. గదంతా ఊపిరి పీల్చుకుంది. అబద్ధమంటావా? నువ్వు అంటావు, నాకు తెలుసు. పాలిచ్చే తల్లి గుండె పగలకుండా చూడటమే నా ఉద్యోగం. నేను నా ఉద్యోగం చేశాను.

ఆ పెట్టె సంగతి కూడా చెబుతాను. మర్నాడూ ఆఖరి రీలుకి దానికి గొంతు పోయింది. ఆ మర్నాడూ అంతే. వేడెక్కి ఆగిపోతోందనుకున్నాను. తరవాతి సినిమాకి మాత్రం శుభ్రంగా పలికింది. దాని తిక్క దానిది. నువ్వైతే దేవుడి లీల అనేదానివి. నేను తీగల లీల అనుకున్నాను.

ఇప్పుడు ఆ మనిషి ఎందుకు నోరు విప్పలేదో నాకు అర్థం కావడం లేదు. కోయలేదని చెప్పడానికి ఏం రోగం? ఈ ఉత్తరం పట్టుకుని వెంటనే హెడ్మాస్టరు దగ్గరికెళ్లు. ఈసారి గట్టిగా చదువు.

తొందరలో,
అక్క

—

మార్చి 20

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం సహించలేదు. ఆ గదిలో నేనూ ఉన్నాను కదా. తోడబుట్టినదాన్ని, నాకైనా చెప్పలేదేం? ఆ శాలువా కుర్రాణ్ణి చూసి నేను దేవుడికి మొక్కుకున్నాను. లేనివాణ్ణి చూసి మొక్కుకున్నానని ఇన్నేళ్లకి తెలిసింది. కాసేపు నీ మీద చాలా కోపమొచ్చింది. తరవాత ప్రార్థనకి కూర్చుంటే ఒకటి తోచింది. ఆ రోజు నేను అడిగింది సినిమాలో కుర్రాడి కోసం కాదు, నా పిల్ల కోసం. నా పిల్ల బతికింది, ఇద్దరు పిల్లల తల్లయింది. ఆ పూట నాకు ధైర్యం కావాలి. అది ఎవరి నోటి ద్వారా రావాలో దేవుడి ఇష్టం. నీ నోరు కొంచెం గడుసుదే అయినా ఆయనకి పనికొచ్చింది. కోపం పోయింది.

హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లేముందు ఆపరేటరు గారికి క్షమాపణ చెప్పుకోవాలనిపించింది. సైకిలు షాపు మీది రెండు గదుల్లో ఉంటున్నారు. వాళ్లావిడ బజారుకెళ్లారు. నీ ఉత్తరం చూపించి, "ఇక మీ పేరు నిలబడుతుందండీ" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

"అమ్మా, దణ్ణం పెడతాను. ఇది ఎవరికీ చూపించొద్దు."

అప్పుడు చెప్పారక్కా. అంత మాట్లాడటం ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

ఆ సినిమా వచ్చేనాటికి వాళ్ల పెద్దపిల్లాడు ఏట్లో పడి పోయి రెండేళ్లు. తరవాత ఆడపిల్ల పుట్టింది. ఆ పసిదాన్ని ఎత్తుకుని ఆవిడ మొదటి మ్యాట్నీకి వస్తానంది. వద్దని ఎలా చెప్పాలో ఈయనకి తెలియలేదు. కథేమిటో చెప్పాలంటే పిల్లాడి మాట ఎత్తాలి. ఎత్తలేకపోయారు. ఆ రోజు తీగ వదులై పెట్టె నిజంగానే ఆగిపోయింది. సరిచేద్దామని, మిషను అసిస్టెంటుకి అప్పజెప్పి స్క్రూడ్రైవరు పట్టుకుని కిందికొచ్చారు. తలుపు దగ్గర నీ మాట వినిపించింది.

"మీ అక్క 'అదిగో వాడే' అంది. మా ఆవిడ నవ్వింది తల్లీ. రెండేళ్ల తరవాత నవ్వింది. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని పైకెళ్లిపోయాను."

ఆ రాత్రి తీగ బాగుచేసి, పైన తన గదిలో దానికొక స్విచ్ పెట్టుకున్నారట. ఆవిడ మళ్లీ ఏ రోజు వస్తుందో తెలియదు కనక, ఆ సినిమా ఆడినన్నాళ్లూ ప్రతి మ్యాట్నీకీ ఆఖరి రీలు రాగానే స్విచ్ కట్టేసేవారు. తీగల లీలా కాదు, తిక్కా కాదు. పైన కూర్చుని ఆయనే నీకు చోటిచ్చారు.

"ఆ కుర్రాడు వచ్చాడనే అది ఇప్పటికీ అనుకుంటోంది. నేను కోయలేదంటే, మరి ఆడవాళ్లకి ఎలా కనపడ్డాడని అడుగుతారు. అన్నీ బయటికొస్తాయి. ఈ వయసులో గోడ మీద పేరు కోసం దాని కొడుకుని రెండోసారి చంపమంటావా?"

నేను మాటిచ్చేశాను. నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. కానీ ఆ మిషను పక్కన ఒక జీవితం గడిపిన మనిషి, మొదటి రోజు వీధిలో నిలబడి ఎవరో సినిమా వేస్తుంటే చూడాలా? ఆయన్ని దొంగగా చూస్తున్న ఊళ్లో నేను పరదా కుట్టుకుంటూ కూర్చోవాలా? ఏం చెయ్యాలో చెప్పు.

నీ చెల్లెలు

—

మార్చి 28

చెల్లీ,

నీ ఉత్తరం హాస్టలు పిల్ల చదువుతుంటే మధ్యలో లాక్కుని, ఆ చీమల బారులు నేనే కళ్లు చించుకుని చదువుకున్నాను. వేరేవాళ్ల నోట వినే మాటలు కావవి.

ఇన్నేళ్లూ ఆ గదికి నేనొక్కదాన్నే దిక్కనుకున్నాను. నేను కథ చెప్పే ప్రతిసారీ పైన ఒక మనిషి నా కోసం నిశ్శబ్దం చేసి పెడుతున్నాడని తెలియలేదు. కిందికి దిగి ఒక్క రోజు కూడా నాతో అనలేదు చూడు. నేనేమో మూగమెషీను అని పేరు పెట్టి అందరినీ నవ్వించాను. ఈ రోజు మధ్యాహ్నం పిల్లలెవరినీ కసరలేదు. నాకు జ్వరమేమోనని ఒకతె వచ్చి నుదురు ముట్టుకుని చూసింది.

నాకు తోచిందొకటే. ముక్క కోయమని నేనే చెప్పానని చెప్పెయ్యి. మ్యాట్నీకి ఒకలా, సాయంత్రానికి ఒకలా వెయ్యమని ఆయన్ని నేనే వేధించానను. నింద నా మీదకొస్తుంది, ఆయన పేరు గోడెక్కుతుంది, ఆవిడ నమ్మకం చెడదు. నా పేరు చెక్కకపోతే నాకేం పోయింది? ఇక్కడ పిల్లల పరీక్షలున్నాయి, మొదటి ఆట రోజుకి నేనెలాగూ రాలేను. దూరంగా ఉన్నదాన్ని ఎంతైనా తిట్టుకోవచ్చు.

నువ్వు అబద్ధమాడవని తెలుసు. ఈ ఒక్కసారికి నీ దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాను.

అక్క

—

ఏప్రిల్ 17

అక్కకు,

నీకు కోటి దణ్ణాలు. నువ్వు చెప్పిన పని మాత్రం చెయ్యలేకపోయాను. కుట్టుమిషను ముందు కూర్చుని రోజూ దేవుణ్ణి ఒకటే అడిగాను. "అబద్ధం నాకు రాదు, నిజం చెప్పే వీలు లేదు, దారేదో నువ్వే చూపించు" అని. ఆ దారి తనంతట తనే నడిచొచ్చింది, చేతిలో కూరగాయల సంచీతో.

ఆపరేటరు గారి భార్య. పేరు తీసేసిన సంగతి బజార్లో ఎవరో చెప్పారట. సరాసరి ముందు హాల్లోకి వచ్చేశారు. ఆయన వెనకాలే ఆయాసపడుతూ, "ఇంటికి పద, పోనియ్యి" అంటున్నారు. ఆవిడ వినిపించుకోలేదు.

"హెడ్మాస్టరు ఎవరండీ?"

"నేనేనమ్మా."

"మా ఆయన సినిమా కోశాడన్నది మీరేనా? ఇంట్లో కూరలు కోయమంటేనే చెయ్యి వణుకుతుంది ఆ మనిషికి."

"కోపగించుకోకండి. మీలాంటి తల్లులే కదమ్మా చెప్పింది, మ్యాట్నీలో కొడుకు వచ్చాడని."

"రాలేదు."

నేను కుట్టు ఆపేశాను. ఆపరేటరు గారు ముందుకొచ్చి ఆవిడ ముఖంలోకి చూశారు.

"కొడుకు రాలేదు. నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. శాలువా కప్పుకున్నవాడు కొడుకేంటి, ముసలాడు! ఇంత పొడుగు ముక్కుంది వాడికి. బిడ్డ కోసం ఏడ్చేదాని భుజాలు ఎలా ఉంటాయో, సంతోషానికి ఏడ్చేదాని భుజాలు ఎలా ఉంటాయో నాకు ఒకరు చెప్పాలా?"

"మరి నవ్వావు కదే" అన్నారు ఆపరేటరు గారు. అంతమందిలో, చిన్నపిల్లాడిలా.

"గది ఆవిడ చెప్పే తీరుకి నవ్వొచ్చింది. చేతులు తిప్పుతూ, ఆ ముక్కువాణ్ణి కొడుకని చూపిస్తుంటే ఎవరికి నవ్వు రాదు? అంతమంది తల్లులు నమ్మేశారు, సంతోషంగా ఉన్నారు, నేనెందుకు చెడగొట్టాలి?"

అప్పుడు గొంతు తగ్గించారు. ఇది హెడ్మాస్టరు గారికి కాదు, ఆయనకి చెప్పారు.

"రెండోసారి వెళ్లినప్పుడు విన్నాను. పెట్టె ఆగిపోయే ముందు దాంట్లో టక్కుమంది. పాడైన పెట్టె అలా ఆగదు, గరగరమంటుంది. ఆపరేటరు పెళ్లాన్ని, నాకు తెలియదా? పైన ఎవరో కట్టేశారు. పైన ఉన్నది మీరే. వాడు పోయాక మీరు వాడి పేరు ఎత్తలేదు. నా ముందు ఏడవలేదు. మీకు బాధే లేదని రెండేళ్లు మనసులో తిట్టుకున్నాను. ఆ టక్కు విన్నాక తిట్టడం మానేశాను. ఆ సినిమాకి అన్నిసార్లు ఎందుకెళ్లాననుకున్నారు? కొడుకు కోసమా? ఆ టక్కు వినడానికి."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"మీరు చెప్పారా?"

హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. రుజువు అడగలేదు. సొరుగులోంచి తాళాలు తీసి, రెండు చేతులతో ఆయనకిచ్చి, "తప్పు నాదండీ, తీసుకోండి" అన్నారు. ఆపరేటరు గారు తాళాలు తీసుకోబోయి, ముందు భార్య చేతిలోంచి కూరగాయల సంచీ అందుకున్నారు. ఆవిడ చెయ్యి అప్పటికి ఎర్రగా కందిపోయింది.

చెక్కే పనివాణ్ణి మళ్లీ పిలిపించారు. ఆపరేటరు గారి పేరు ఎక్కింది, నీది కూడా ఎక్కింది. కింద హెడ్మాస్టరు గారు స్వయంగా ఒక వాక్యం రాసిచ్చారు: "ఈ హాలులో ఒకే సినిమా రెండు ముగింపులతో ఆడింది. ఒకటి తెర మీద, ఒకటి గాజు గదిలో. రెండూ ఇక్కడివారే నిలబెట్టారు."

నిన్న మొదటి ఆట. దేవుడి దయవల్ల పరదా ఎక్కడా పట్టెయ్యకుండా తెరుచుకుంది. కుర్చీలు నిండి, మెట్ల మీద కూడా కూర్చున్నారు. మిషను గదిలో ఆయనే. చివర కొడుకు రాకపోయేసరికి మగవాళ్లంతా వెనక్కి తిరిగి పెళ్లాల వైపు చూశారు. ఆట వదలగానే "చూశావా!" అన్నారు మీ మరిది. గుమ్మం దగ్గర నా వెనకున్నావిడ తన భర్తతో, "మీ సినిమా మీది, మా సినిమా మాది. ఇంట్లో అన్నం వండేది ఎవరో గుర్తుపెట్టుకోండి" అంది. కత్తెర తిరిగిచ్చేస్తానన్నాను. మీ మరిది వద్దన్నారు.

ఆపరేటరు గారి భార్య నీకొక మాట చెప్పమన్నారు. "మీ అక్క చెప్పిన కథ నేను ఒక్కరోజూ నమ్మలేదు. ఒక్కరోజూ వినడం మానలేదు. ఆవిడ చల్లగా ఉండాలి" అన్నారు. ఆ మాట రాస్తుంటే నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి, నువ్వే సర్దుకుని చదువుకో. నాకు ఇలాంటి అక్కనిచ్చినందుకు దేవుడికి ఎన్నిసార్లు చెప్పుకున్నా తీరడం లేదు.

ఇంకొక్కటి. ఆవిడకి ముందు వరసలో సీటు ఉంచారు. ఆవిడ అక్కడ కూర్చోలేదు, గాజు గదిలోకి వెళ్లారు. నేను తోడుగా వెళ్లాను. లోపల ఈ కాలపు పిల్లతల్లులు కొందరున్నారు. కొత్త పెట్టె గంటలా మోగుతోంది. ఆఖరి రీలు వచ్చింది. ఆవిడ ముందే భర్తతో చెప్పారట, ఈసారి కట్టెయ్యొద్దని. ఆయన కట్టెయ్యలేదు. "ఇంకెవరూ లేరమ్మా" అన్నమాట ఆ గదిలో మొదటిసారి వినపడింది. ఆవిడ కళ్లు తుడుచుకోకుండా చివరిదాకా విన్నారు.

పక్కన ఒక చిన్నపిల్ల, పట్టుమని ఇరవై ఏళ్లుండవు, ఒళ్లో పసివాణ్ణి గట్టిగా అదుముకుని వెక్కుతోంది. ఆవిడ ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి, గాజులోంచి తెర వైపు చూపించారు.

"ఆ పడవవాడి మాటలకేం గానీ, అటు చూడు. వెనకాల శాలువా కప్పుకున్నవాడు, కనపడ్డాడా?"

ఆ పిల్ల వెక్కడం ఆపి, తల పైకెత్తి చూసింది.

నీ చెల్లెలు